పాడే నావికుడి మూడు నిమిషాలు

నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల పాత గ్రామఫోను రికార్డులో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాటే పట్టేది. గాయకుడు సాలిం రషీద్ సూరీ విద్వత్తంతా నాకు ఆ ఇరుకులోనే కనబడుతుంది.

ఆయన 1910లో ఒమాన్ తూర్పు తీరంలోని సూర్‌లో పుట్టాడు. ఇంటిపేరులో ఉన్నది ఆ ఊరే. అక్కడ కట్టిన తెరచాప ఓడలు రుతుపవనాలను నమ్ముకుని ఇటు మన పడమటి తీరానికీ, అటు జాంజిబారుకూ వెళ్లేవి. సాలిం కూడా ఓడెక్కాడు. 'పాడే నావికుడు' అన్న పేరు అలా స్థిరపడింది. 1930ల్లో బొంబాయిలో హెచ్.ఎం.వి. రికార్డు కంపెనీకి పాడాడు.

ఆయన పాడింది 'సౌత్' అనే గల్ఫ్ పాట. అరబ్బీలో ఆ మాటకు గొంతు అని అర్థం. గాయకుడి ఒళ్లో ఊద్ అనే తంత్రీ వాద్యం, పక్కన మిర్వాస్ అనే రెండు ముఖాల బుల్లి డోళ్లు, చుట్టూ చప్పట్లు కొట్టే బృందం. ఊద్‌కు మన వీణకున్నట్టు మెట్లుండవు. హార్మోనియం కట్టెల మధ్య ఇరుక్కున్న స్వరాన్ని కూడా వేలే వెతికి పట్టుకోవాలి. చప్పట్ల పని ఇంకా గొప్పది. ఒక వరస వదిలిన సందులో ఇంకో వరస పడుతుంది. చెక్కభజన చూసినవాళ్లకు ఈ అల్లిక చప్పున అందుతుంది.

మజ్లిస్ అనే గోష్ఠిలో కూర్చుంటే సౌత్‌కు తొందర ఉండదు. తాళం లేకుండా ఊద్ పలుకుతుంది, గొంతు కలుస్తుంది, తర్వాతే డోళ్లు అందుకుంటాయి. చివర 'తౌషీహా' అనే ముగింపు వస్తే పాట ఒడ్డుకు చేరుతున్నదని అందరికీ తెలిసిపోతుంది. ఇంత నడకను మూడు నిమిషాలకు కుదించాలంటే ఏ మీటు ఉంచాలో, ఏది వదలాలో చేతికి ముందే తెలియాలి. సాలిం పాటలో నాకు కోత కనబడదు, పరుగూ వినబడదు. గల్ఫ్ పాటలోకి యెమెన్, హిందుస్తాన్ బాణీలను కలుపుకున్నాడు కానీ, అతుకు మాత్రం చెవికి తగలనివ్వలేదు.

తర్వాత బహ్రెయిన్ చేరి 'సాలింఫోన్' పేరుతో సొంత రికార్డు కంపెనీ పెట్టాడు. 1971లో ఒమాన్‌కు తిరిగొచ్చాడు, 1979లో కన్నుమూశాడు. ఆనాటి రికార్డుల్లో సూది గరగర ఎంతున్నా చప్పట్లు మాత్రం చెక్కుచెదరవు. గొంతు ఊపిరి తీసుకునే చోట అవి కాస్త ముందుకు వస్తాయి, మళ్లీ పాట మొదలుకాగానే వెనక్కి తగ్గుతాయి.