పొట్టు తియ్యని పనితనం

శాకాహారం తినే ఇంట్లో షుగర్ మనిషికి వండిపెట్టడం కష్టమైన పని. చేపముక్కో గుడ్డో ఉన్న పళ్లెంలో అన్నం తగ్గించినా కడుపు నిండుతుంది, ఆ రెండింటిలో పిండిపదార్థం దాదాపు ఉండదు. గుడ్డు కూడా ముట్టని ఇంట్లో మాంసకృత్తులు కావాలంటే ముఖ్యంగా పప్పు దగ్గరికే వెళ్లాలి. పప్పుతో పాటు కొంత పిండిపదార్థమూ వస్తుంది, దాని కింద అన్నం ఉండనే ఉంది. తెనాలిలో మా పిన్ని ఈ లెక్కని ఏళ్ల తరబడి పొయ్యి దగ్గరే సరిచేస్తోంది. బాబాయికి షుగర్. ఆవిడ చేతి వంటల్లో నేను అన్నిటికన్నా శ్రద్ధగా చూసింది పెసరట్టు.

మామూలుగా పెసరట్టులో కరకర కోసం గుప్పెడు బియ్యం వేస్తారు. లోపల బొంబాయిరవ్వ ఉప్మా పెడతారు. పక్కన బెల్లం కలిసిన అల్లం పచ్చడి ఉంటుంది. పెసలు చేసే మేలు ఈ మూడు చోట్లా కరిగిపోతుంది. బియ్యం, ఉప్మా, బెల్లం మూడింటినీ పిన్ని తీసేసింది. అయినా అట్టు తింటుంటే ఏదో తగ్గిందని అనిపించదు. ఆవిడ పనితనమంతా ఇందులోనే ఉంది.

పొట్టుతో ఉన్న పచ్చ పెసలే నానబోస్తుంది. తెల్లవారుజామున నీళ్లలో పోస్తే టిఫిన్ వేళకి గోరుతో నొక్కితే విరుగుతాయి. అంతకు మించి నాననివ్వదు. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి గ్రైండర్‌ని ఆపి ఆపి తిప్పుతుంది. రెండు వేళ్ల మధ్య పిండిని రాసి చూస్తుంది. సన్నటి పలుకు తగులుతుండగానే తీసేస్తుంది. బియ్యం ఇవ్వాల్సిన కరకర ఆ పలుకుల్లోంచే వస్తుంది. పులవబెట్టే పని లేదు, రుబ్బిన పిండి రుబ్బినట్టే పెనం మీదికి వెళ్తుంది.

పెనం కాగాక సగానికి కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి ఒకసారి రుద్దుతుంది. నూనె ఆ మాత్రం పట్టిస్తే చాలు, అట్టు అంటుకోదు. గరిటెడు పిండి నడుమ పోసి, గరిటె అడుగుతో లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టలుగా తిప్పుతుంది. బియ్యం లేని పిండికి పట్టు తక్కువ. మరీ పల్చగా లాగితే తిరగేసేటప్పుడు విరుగుతుంది, మందంగా వదిలేస్తే నడుమ పచ్చిగా మిగులుతుంది. అంచులు రవ్వంత పల్చగా, నడుమ రవ్వంత మందంగా ఉంచడం ఆవిడ చేతికి వచ్చిన విద్య. తడి ఆరకముందే ఉల్లిపాయ ముక్కలు దండిగా చల్లి, అట్లకాడతో మెల్లగా అదుముతుంది. ఉప్మా ఉండాల్సిన చోటుని ఆ ఉల్లిపాయే నింపుతుంది. అంచు దానంతట అది లేచేదాకా అట్లకాడ దగ్గరికి పోనివ్వదు.

పొట్టు ఎందుకంత ముఖ్యమో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు చూస్తే తెలుస్తుంది. 100 గ్రాముల పొట్టు పెసల్లో పీచు 17 గ్రాముల దాకా ఉంటుంది. పొట్టు తీసిన పెసరపప్పులో 9 గ్రాములే. పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. బాబాయి పళ్లెంలోకి వచ్చే రెండు అట్లకి సుమారు 60 గ్రాముల పెసలు పడతాయి. అంటే 13 గ్రాముల మాంసకృత్తులు, 10 గ్రాముల పీచు పొద్దున్నే అందుతున్నాయి. గింజలోని పిండిపదార్థం కణాల గోడల మధ్య బంధించి ఉంటుంది కాబట్టి జీర్ణరసాలు దాన్ని చేరడానికి సమయం పడుతుంది. మరీ మెత్తగా రుబ్బితే ఆ గోడలు ఎక్కువగా తెగుతాయి. పిన్ని వేళ్లకి తగిలే పలుకు రుచితో పాటు ఈ పని కూడా చేస్తోంది.

డేవిడ్ జెంకిన్స్ బృందం 1980లోనే ఎండు చిక్కుళ్ల జాతి గింజలు రక్తంలో చక్కెరని పిండిపదార్థం ఉన్న మిగతా ఆహారాల కన్నా చాలా తక్కువగా పెంచుతాయని చూపించింది. మరుసటి ఏడాది వాళ్లే గ్లైసీమిక్ ఇండెక్స్ లెక్కని లోకానికి ఇచ్చారు. నెమ్మదిగా అరిగే టిఫిన్ తింటే మధ్యాహ్న భోజనం తర్వాత పెరిగే చక్కెర కూడా కొంత తగ్గుతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. పొద్దున టిఫిన్ మీద పిన్ని పెట్టే శ్రద్ధకి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

అల్లం పచ్చడి దగ్గర ఆవిడ బుర్ర పదును చూడాలి. బెల్లం మానేస్తే పులుపు, కారం నాలుక మీద కొడతాయి. బెల్లానికి బదులు ఏం వెయ్యాలా అని ఆవిడ వెతకలేదు, బెల్లం అవసరమయ్యేంత చింతపండునే తగ్గించింది. అల్లాన్ని కొద్ది నూనెలో ఘాటు తగ్గేదాకా వేయించి, వేయించిన పల్లీలు నాలుగు చేర్చి నూరుతుంది. నాకు పాత పచ్చడి కన్నా ఇదే ఎక్కువ నచ్చింది.

టిఫిన్ మొదలెట్టిన రెండు గంటలకి "ఎంతొచ్చిందండీ?" అని వంటింట్లోంచే అడుగుతుంది. బాబాయి వేలి చుక్క మీటర్‌లో పెట్టి చెప్పిన అంకె క్యాలెండర్ మీద పడుతుంది. చాలామందికి డాక్టర్లు చెప్పే హద్దు 180 లోపు. ఇడ్లీ తిన్న రోజు, అట్టు తిన్న రోజు అక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒక్కొక్కరి ఒంటి తీరు ఒక్కోలా ఉంటుంది, కాబట్టి ఎవరి క్యాలెండర్ వాళ్లకి ఉండాలి.

ఈ వంట చూసి మాత్రలు మానేద్దామని బాబాయి ఎప్పుడూ అనలేదు, పిన్ని అననివ్వదు కూడా. అన్నం తగ్గించబోయే ముందు డాక్టర్‌కి చెప్పారు. కొన్ని రకాల మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఉన్నట్టుండి అన్నం తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు పప్పు ఎంత తినాలో అడిగి తెలుసుకోవాలి. శాకాహారులు మరవకూడనిది ఇంకొకటి ఉంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గే అవకాశం ఉంది. కూరల్లో, పప్పుల్లో అది దొరకదు, పాలూ పెరుగే ఆధారం. అరికాళ్ల తిమ్మిర్లు షుగర్ వల్లా రావచ్చు, బి12 లోపం వల్లా రావచ్చు. రక్తపరీక్ష చేయిస్తే గాని తేలదు.

పెరుగన్నం మానమని బాబాయికి ఇంట్లో ఎవరూ చెప్పలేదు. భోజనంలో ముందు దొండకాయ వేపుడో బీరకాయ కూరో పప్పుతో తినిపించి, ఆ తర్వాతే చిన్న కప్పుడు అన్నం వడ్డిస్తుంది పిన్ని. అందులోంచి నాలుగు ముద్దలు పెరుగుకి మిగుల్చుకుంటాడాయన. గిన్నెడు తోడుపెరుగు, గుప్పెడు కీరా తురుము, ఆవాలు, కరివేపాకు తాలింపు, వాటి మధ్య ఆ నాలుగు ముద్దలు. చెంచాతో కలిపితే అన్నం ఎక్కడుందో వెతుక్కోవాలి, తింటే మాత్రం అచ్చంగా పెరుగన్నమే.