కారు యాంప్: కొత్తది కొనే ముందు

కారు యాంప్లిఫయరు లోపల రెండు పనులు జరుగుతాయి. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులు పెద్ద వూఫరును కదిలించడానికి చాలవు. అందుకని పవర్ సప్లై భాగం ఆ డీసీని సెకనుకు వేల సార్లు తెంచి, గుండ్రటి ఫెర్రైటు మీద చుట్టిన ట్రాన్స్‌ఫార్మరులో పెంచి, మళ్లీ డీసీ చేసి, ప్లస్ ఒకటి, మైనస్ ఒకటిగా రెండు పెద్ద వోల్టేజీలను నిలబెడుతుంది. వాటి మధ్య అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పాటను ఆడిస్తాయి. యాంప్ పాడైందంటే సాధారణంగా ఈ రెండింటిలో ఒకటి పోయి ఉంటుంది, లేదా అసలు యాంప్‌లో ఏ లోపమూ ఉండదు. ఈ చివరి సంగతిని ముందు తేల్చేవాడే మెకానిక్. మూత విప్పడానికి తొందరపడేవాడు కాదు.

తేల్చడానికి మల్టీమీటరు చాలు. ఇంజను నడుస్తుండగా యాంప్ పవర్ స్క్రూకీ ఎర్త్ స్క్రూకీ మధ్య 13.5 నుంచి 14.4 వోల్టుల దాకా ఉండాలి. స్టీరియో ఆన్ చేయగానే రిమోట్ వైరు మీద 12 వోల్టుల దరిదాపుల్లో కనిపించాలి. రెండూ ఉన్నా యాంప్ పవర్ లైటు వెలగకపోతే ఫ్యూజు బయటికి తీసి మీటరు పెట్టాలి, కంటిని నమ్మకూడదు. అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది ఎర్త్. పెయింటు గీకకుండా బోల్టు బిగించిన ఎర్త్ మామూలప్పుడు సరిగ్గానే చూపిస్తుంది, బేస్ పడగానే చేతులెత్తేస్తుంది. పాట గట్టిగా మోగుతుండగా బ్యాటరీ నెగెటివ్‌కీ యాంప్ ఎర్త్‌కీ మధ్య అర వోల్టు దాటి కనిపిస్తే తప్పు ఆ బోల్టుదే.

ప్రొటెక్షన్ లైటు వెలిగితే స్పీకరు వైర్లు, ఆర్‌సీఏ తీగలు అన్నీ ఊడదీసి మళ్లీ ఆన్ చేయాలి. లైటు మామూలైతే లోపం బయట ఉన్నట్టు. వూఫరు కాయిల్ కాలి ఉండవచ్చు, సీటు పట్టీ కింద నలిగిన వైరు బాడీకి తగులుతుండవచ్చు. నాలుగు ఓముల కాయిల్ మీటరులో మూడు, నాలుగు మధ్య చూపాలి. తీగలన్నీ తీసినా లైటు మొండికేస్తే అప్పుడు మూత విప్పాలి.

లోపల అసలు విద్య మొదలవుతుంది. పవర్ సప్లైలో డీసీని తెంచే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టరు షార్టయితే మీటరు సున్నా దగ్గర చూపుతుంది. దాన్నొక్కదాన్నే మార్చడం కూలి పని. ఆ వరసలోని మాస్‌ఫెట్లన్నీ ఒకే బ్యాచ్‌వి వేసి, గేటు రెసిస్టర్లు కొలిచి, వాటిని నడిపే టీఎల్ 494 లాంటి ఐసీ సరిగా పల్సులు ఇస్తోందో లేదో చూడడం పనితనం. మైకా ముక్క, హీట్‌సింక్ పేస్టు, క్లాంపు బిగింపు తేడా వస్తే కొత్త పార్టులు నిమిషాల్లో పోతాయి. అనుభవమున్న చేయి తొలిసారి నేరుగా బ్యాటరీకి తగిలించదు. మధ్యలో ఒక హెడ్‌లైటు బల్బును సిరీస్‌లో పెడుతుంది. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉంటే షార్టు ఇంకా ఉంది. మినుకుమని తగ్గిపోతే గండం గడిచినట్టే. స్పీకరు టెర్మినళ్ల మీద డీసీ మిల్లీవోల్టుల్లోనే ఉందని చూశాకే స్పీకరు తగిలించాలి. ఈ క్రమం తప్పని మనిషి బెంచీ దగ్గర నిలబడి చూడడం ఒక కచేరీ వినడమే.

కారు యాంప్‌కు ఆద్యుడు జిమ్ ఫాస్గేట్ అంటారు. అమెరికాలో 1973లో ఆయన చేసిన పెట్టెతోనే ఈ కథ మొదలైందని చెప్పుకుంటారు. తరువాత వచ్చిన ఓరియన్ హెచ్‌సీసీఏ 225 యాంప్ గురించి అభిమానులు ఇప్పటికీ గొంతు తగ్గించరు. కాగితం మీద ఛానెలుకు 25 వాట్లే. కారు ఆడియో పోటీల్లో తరగతులు ఆ కాగితం అంకెను బట్టే కాబట్టి, తక్కువ ఓముల వూఫర్లు తగిలించి దాన్నుంచి ఎన్నో రెట్లు రాబట్టేవారు. చిన్న అంకె రాసి పెద్ద పని చేసిన కాలమది. ఇప్పుడు సరిగ్గా తలకిందులు.

అయితే కొన్ని యాంప్‌లు నిజంగానే మార్చాలి. బోర్డు బొగ్గయితే, నీళ్లు తాగి రాగి గీతలు లేచిపోతే డబ్బు తగలేయడం దండగ. కొత్తది బిగించేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ ముందు తీయాలి. మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి అడుగున్నర లోపే ఉండాలి, దాని అంకె వైరు మోయగలిగినదాన్ని మించకూడదు. గెయిన్ అడుగున పెట్టి, స్టీరియో ముప్పావు దాకా పెంచి, తరువాత గెయిన్ మెల్లగా పెంచుతూ శబ్దం చీలకముందే ఆపాలి.

కొత్తదాని అట్ట మీద రాసిన వాట్లను మాత్రం నమ్మకూడదు. ఫ్యూజు చూస్తే నిజం తెలుస్తుంది. 1000 వాట్లని రాసిన పెట్టెకు 20 ఆంపుల ఫ్యూజు ఒక్కటే ఉంటే, 13.8 వోల్టుల దగ్గర లోపలికి వెళ్లేదే 276 వాట్లు. ఏబీ క్లాసు యాంప్ అందులో సుమారు సగమే బయటికిస్తుంది. మిగతా ఎనిమిది వందల చిల్లర వాట్లు అచ్చు వేసినవాడి ఊహ. మన జీపుల్లో, ఆటోల్లో మోగిన సాన్యో ఎల్‌ఏ 4440 బ్రిడ్జి చేసినా సుమారు 19 వాట్ల ఐసీ. ఆ అమాయకపు ఐసీ నెత్తిన వందల వాట్లు రుద్ది అమ్మడం దాని పేరుకే అవమానం. తోషిబా సీ5200, ఏ1943 పేర్లు చెక్కిన నకిలీ ట్రాన్సిస్టర్లు ఇంకా ఘోరం. మెకానిక్ చేసిన పని వారంలో కాలిపోతుంది, చెడ్డపేరు మాత్రం అతనిదే. రాగి పూత పూసిన అల్యూమినియం తీగను రాగి తీగగా అంటగట్టేవాడు కారుకే నిప్పు పెడుతున్నాడు.

పార్టు పార్టుగా కొలిచి బాగుచేసే బెంచీలు హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల కూడా పలచబడుతున్నాయి. రిపేరు కూలి కొత్త నాసిరకం పెట్టె ధరకు దగ్గరగా ఉందని గిరాకీ వెనక్కి పోతోంది. బరువైన హీట్‌సింకు, పెద్ద ట్రాన్స్‌ఫార్మరు ఉన్న పాత యాంప్ ఇంట్లో మూలుగుతుంటే తూకానికి వేయకండి. మీటరు పట్టడం తెలిసినవాడి దగ్గరికి తీసుకెళ్లండి, కూలి దగ్గర బేరమాడకండి.