నాజరుగారి బుర్రకథ

బుర్రకథ యనగానే చదువుకొన్న మన యిండ్లలో రెండు మాటలు వినవచ్చుచుండును. అది పల్లెటూరి మోటుపాట యని కొందరందురు. జనులకు మంచి చెప్పుటకు అంతకంటె సులువైన సాధనము లేదని మరికొందరందురు. మొదటివారిది యీసడింపు, రెండవవారిది మెప్పు. కాని యీ యిరుతెగలవారిలో ఎవరును పాటను విన్నట్లు కానరాదు. మొదటివారు పాడువాని వేషమును జూచి లేచిపోయిరి. రెండవవారు పాటవలని ప్రయోజనమును లెక్కవేసికొని లేచిపోయిరి. సంస్కారాభిమానులమైన మనము రెండవ తెగవారము గనుక, ఆ రెండవ పొరపాటును గూర్చియే యిచట కొంత విచారింపవలసి యున్నది. అందులకు షేక్ నాజరుగారి కంటె తగిన యుదాహరణము దొరకదు.

నాజరుగారు 1920వ సంవత్సరమున గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామమున దూదేకుల కుటుంబమునందు జన్మించిరి. దూది యేకుట వారి కులవృత్తి. పింజారి యనునది ఆ వృత్తిని చేయువానికి పేరు. ఆ పేరును తెలుగువారు తిట్టుగా మార్చుకొనిరి. ఒక వస్త్రమునకు ముందుగా పత్తిని శుభ్రపరచి యిచ్చు మనుష్యుని పేరు తిట్టెట్లయ్యెనో, ఆ వస్త్రమునే కట్టుకొని తిరుగు మనము ఎన్నడైన ఆలోచించితిమా? ఈ యింట పుట్టిన బాలుడు చిన్ననాడే హార్మోనియము పట్టెను. శాస్త్రీయ సంగీతము నేర్చెను. బాలుర నాటక సమాజములలో వేషములు వేసెను. ఆడువేషములలో ఆయనకు మంచి పేరు వచ్చినది. ఈ సంగతి మరువరాదు. బుర్రకథకు వచ్చునాటికే ఆయన గొంతునకు శిక్షణయు, ముఖమునకు అభినయమును, కాలికి రంగస్థలపు అలవాటును ఉన్నవి.

బుర్రకథ యన నెట్టిదో ఎరుగని చిన్నవారికొరకు రెండు మాటలు. కథకుడు నడుమ నిలిచి, తంబుర భుజమున నుంచి, వ్రేలి అందెతో తాళము వేయుచు, ముందునకు వెనుకకు అడుగులు వేయుచు కథ నడుపును. ఇరువైపుల డక్కీలు వాయించు వంతలిద్దరు. ఒకడు హాస్యము చెప్పును. రెండవవాడు కథను ఆపి లోకము సంగతులు, రాజకీయములు ప్రశ్నించును. కథకుడు చరణము విడిచినచోట ‘తందాన’ యని వారందుకొందురు. ఇది జంగము కథల నుండి వచ్చిన పాతరూపము. కావున నాజరుగారిని ‘బుర్రకథా పితామహు’డనుట నాకు సమ్మతము కాదు. తాతలనాటి యింటికి వచ్చి గోడలు పెంచి, కిటికీలు పెట్టినవానిని తాత యనుటవలన ఆయన చేసిన పని కనబడకపోవును.

ఆ పని సాగినది ప్రజానాట్యమండలిలో. 1943లో డాక్టరు గరికపాటి రాజారావుగారి నాయకత్వమున విజయవాడ కేంద్రముగా మండలి యేర్పడెను. ఆ యేడే బెంగాలులో కరవు. అన్నము లేక లక్షలజనులు చచ్చిరన్న వార్తను వరిపండించు డెల్టా గ్రామములకు మోసికొనిపోయినది పత్రికలకంటె పాటయే యనవచ్చును. బెంగాలు కరవుపై నాజరుగారు చెప్పిన కథ అట్టిది. విజయవాడ చెంతనున్న ఈడుపుగల్లు వాసి సుంకర సత్యనారాయణగారు అల్లూరి సీతారామరాజు కథను వ్రాసిరి. మోటూరి ఉదయం, చింతల కోటేశ్వరమ్మ మొదలగు స్త్రీలు సయితము తంబుర, డక్కీ పట్టి సభల కెక్కిరి; గౌరవకుటుంబముల ఆడువారు వేలజనుల యెదుట అడుగు వేసి పాడుట ఆనాడు చిన్న సాహసము కాదు.

ఇంతవరకు అందరును చెప్పుకొందురు. ఆ ఉద్యమమును మెచ్చువారు నాజరుగారిని దాని గొంతుగా మెచ్చుదురు. మెచ్చనివారు దాని గొంతుగానే నిందింతురు. ఆ గొంతు ఏమి చేసినదన్న ప్రశ్న ఇరువురికిని పట్టలేదు. నా యెఱుకలో ఆయన చేసినది యిది. జంగము కథలో పాట ఒకే మట్టున పోవుచు, వినువానిని మెల్లగా ఊయలలో ఊపినట్లుండును. నాజరుగారు ఆ మట్టును విరిచిరి. పాట నుండి వచనమునకు, వచనము నుండి సంభాషణకు, సంభాషణ నుండి మరల తారస్థాయి పాటకు ఊపిరి చాలునా యనునంత వేగముగా మారుదురు. ఎంత వేగమునందును అక్షరము చెడదు. దూరమున కూర్చున్న ముసలమ్మకును ప్రతి హల్లు వినబడవలెనన్న పట్టుదల అందులో కలదు. అడుగు వేయుచునే ఒక్క చూపుతో దొర యగుదురు, మరుచూపున మన్యపువాడగుదురు. ఆడువేషములు వేసిననాటి నేర్పు ఇచట పనికివచ్చినది. ఇది పొలముగట్టున తనంత మొలిచిన గడ్డి కాదు. నారుపోసి, నాటు వేసి, కలుపు తీసిన పైరు.

నేర్చినవానిని నేర్వనివానిగా మెచ్చుట మనకొక్కరికే చెందిన గుణము కాదు. దూది మాట యెటులను వచ్చినది గనుక పత్తినేలలలో పుట్టిన మరియొక పాటను తలతును. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రమున డెల్టా యని పిలువబడు సీమ యున్నది. పేరు డెల్టాయే గాని మన కృష్ణా డెల్టావలె సముద్రముఖమున లేదు. మిసిసిపీ, యాజూ నదుల నడిమి పల్లపునేల. అట్టి పత్తిచేలలో కూలిచేసిన నల్లజాతివారి పాట ‘బ్లూస్’. ఒక చరణము పాడి, దానినే మరల పాడి, మూడవ చరణమున జవాబు చెప్పుట దాని సామాన్యలక్షణము. గొంతు ఆగినచోట గిటారు వంత పలుకును. 1938 డిసెంబరులో న్యూయార్కు కార్నెగీ హాలులో జరిగిన యొక కచ్చేరీలో బిగ్ బిల్ బ్రూంజీ యను గాయకుని సేద్యగానిగా సభకు చూపిరి. నిజమునకు ఆయన అప్పటికి ఎన్నియో యేండ్లుగా చికాగో నగరమున వాద్యబృందములతో గ్రామఫోను రికార్డులిచ్చుచున్న ప్రసిద్ధుడు. సభలోని విద్యావంతులకు నేర్పరి అక్కరలేకపోయెను. మట్టి అంటిన మనుష్యుడు కావలసి వచ్చెను. పాపము బ్రూంజీ, వారడిగిన వేషమును వేసెను.

నాజరుగారికి వేషములు తక్కువ కాలేదు. 1948 పిదప ప్రభుత్వ నిర్బంధమువలన మండలి చెదరిపోయెను. 1954లో వచ్చిన అగ్గిరాముడు చిత్రమున సీతారామరాజు కథ చెప్పించి సినిమావారు కొన్ని నిమిషము లిచ్చిరి. రాత్రి గడచునంత కథను చెప్పగలవానికి కొన్ని నిమిషములు! తరువాతి దశాబ్దములలో ప్రభుత్వశాఖలు బుర్రకథను చేపట్టి కుటుంబనియంత్రణాది ప్రచారములకు వినియోగించెను. ఆ సంస్కరణలు నాకు ఇష్టమైనవే. అయినను ఒక కళారూపమును కరపత్రమువలె పంచినచో, చదివి పారవేసిన కరపత్రమునకు పట్టిన గతియే దానికిని పట్టును. నేటి పిల్లలు బుర్రకథ యనగానే నవ్వుటకు కారణము సినిమా యొక్కటే కాదు. మన సదుద్దేశము సయితము.

వీరిలో ఎవరి కొలువును నాజరుగారిని నిలుపలేదు. పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, ప్రహ్లాద, క్రీస్తు – ఈ కథలతో ఊరూర తిరిగిన కథకుడాయన. ముసల్మాను ప్రహ్లాదుని కథ చెప్పుట వింతగా పల్లెవారికి తోచినట్లు లేదు. వింతగా తోచునది మనకు. 1986లో పద్మశ్రీ వచ్చెను. 1997లో పరమపదించిరి.

దోషములు లేవా? ఉన్నవి. వీరరసము పట్టుబడినచో ఆయన గొంతు క్రిందికి దిగుటకు ఇష్టపడదు. శోకము కూడ ఉద్ఘాటనగా మారును. సినిమాఖండమున ఇది స్పష్టముగా తెలియును. తెర కోరినది వేగము కావున తప్పంతయు ఆయనదే యనలేను. రెండవ వంత చెప్పు నాటి రాజకీయపు చలోక్తులు నాటితోనే వాడిపోవును. ఆ వాడిన పూవులను ఏరివేసి కథను కాపాడవలసిన పని తరువాతి కథకులది. వారిలో పెక్కురు వాడినవానినే మరల గుచ్చిరి.

ఆయన చెప్పుకొన్న జీవితమును డాక్టరు అంగడాల వెంకటరమణమూర్తిగారు గ్రంథముగా వ్రాసిరి. దాని పేరు ‘పింజారి’. ఆ పుస్తకమును మా యింట బీరువాలో పెట్టగా, పేరు చూచిన యొక బంధువు, పండుగపూట పదిమంది వచ్చుచోట అట్టి మాట వెన్నుపై కనబడునట్లేల పెట్టితిరని అడిగెను. పుస్తకమును అచటనే యుంచితిని.