ఏడాదికో అంగుళం

నీ దగ్గరికి ఎప్పుడు రావాలో ముందుగా చంద్రుణ్ణి అడుగుతున్నాను. సెప్టెంబరులో అమావాస్య ఏ రోజున పడిందో చూసి, ఆ రాత్రి నీ దగ్గర గడిచేలా మిగతా రోజులన్నిటినీ దాని చుట్టూ పేరుస్తున్నాను. వెన్నెల లేని వేళ, ఊరి దీపాలు అందని చోట, పాలపుంత నేల అంచు నుంచి నేల అంచు దాకా పరుచుకునే ఆకాశం నీది. అమావాస్య ప్రయాణమేమిటని అమ్మ ఫోనులో అడిగింది. బయలుదేరేది త్రయోదశి నాడేనమ్మా, అమావాస్యకు అక్కడ ఉంటాం అంతే అన్నాను.

బ్యాడ్‌లాండ్స్! సౌత్ డకోటా గడ్డి సముద్రం నడుమ తెగిపడిన నేలా, చెట్టు లేని కోటా, మట్టి శిఖరాల నగరమా! జులైలో నీ మీద ఎండ వంద ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటవచ్చు. జూన్‌లో పచ్చగా ఉంటావు కానీ పిడుగులూ వడగళ్ళూ నిన్ను వదలవు. సెప్టెంబరులో గడ్డి బంగారమై, జనం పలచబడి, గాలి చల్లబడి ఉంటావు. అందుకే అప్పుడు వస్తాను.

మినియాపోలిస్ నుంచి నీ దాకా ఒక పగలంతా దారి. తెల్లవారకముందే లేచి పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాలో పెట్టి, పిల్లల్ని నిద్రలోనే కారెక్కించాలి. ఇంటర్‌స్టేట్ 90 మీద పడ్డాక స్టీరింగ్ తిప్పే పనే ఉండదు. మొక్కజొన్న, సోయా, మళ్ళీ మొక్కజొన్న. సూ ఫాల్స్ దాటి, మిచెల్ దాటి, చేంబర్లేన్ దగ్గర మిస్సోరి నది ఎదురవుతుంది. మన గోదావరి ఒకప్పుడు రెండు జిల్లాలను తూర్పు, పశ్చిమ అని విడదీసినట్టే, ఈ నది ఈ రాష్ట్రాన్ని విడదీస్తుంది. ఇక్కడివాళ్ళు కూడా ఈస్ట్ రివర్, వెస్ట్ రివర్ అనే చెప్పుకుంటారు. వంతెన దాటగానే పొలాలు తగ్గి పశువుల మేత భూములు మొదలవుతాయి, ఆకాశం పెరుగుతుంది. మర్డో దాటాక గడియారం ఒక గంట వెనక్కి పోతుంది. నిన్ను చూడవచ్చేవాళ్ళకు నువ్వు ముందే ఇచ్చే కానుక ఆ గంట. దాన్ని సాయంకాలానికి దాచుకుంటాను.

131వ ఎగ్జిట్ దగ్గర దిగి 240 నంబరు రోడ్డు పడితే, కాసేపు ఏమీ కనిపించదు. గడ్డే. ఆ తరువాత నేల ఉన్నట్టుండి కాళ్ళ ముందు కూలిపోతుంది. అదే నీ గడప. మేం నీ పైకి ఎక్కం, నీలోకి దిగుతాం.

ఎంత కాలాన్ని పొరలు పొరలుగా పేర్చుకున్నావు! అడుగున నల్లటి పొర, ఏడు కోట్ల ఏళ్ళ నాటి సముద్రపు బురద. ఈ ఖండం నడుమ ఉత్తరం నుంచి దక్షిణం దాకా నిండిన ఆ సముద్రం వెనక్కి తగ్గాక, బయటపడ్డ బురద మీద అడవి మొలిచింది. ఆ వేళ్ళూ ఆ వానలూ కలిసి పసుపు పచ్చగా మార్చిన మట్టే నీ యెల్లో మౌండ్స్. దాని మీద బూడిద రంగు చాడ్రన్ పొర, 3 కోట్ల 70 లక్షల ఏళ్ళ కిందట మొదలైనది. టైటనోథేర్ అనే భారీ మృగాలు తిరిగిన తడి నేల అది. ఆపైన ఎర్ర చారల బ్రూల్ పొర, అడవి తగ్గి ఆరుబయలు పెరిగిన కాలం. ఇంకా పైన పాలిపోయిన ఒక పట్టీ ఉంది. ఎక్కడో పడమట అగ్నిపర్వతాలు కక్కిన బూడిద గాలిలో వచ్చి నీ మీద వాలింది. సముద్రమూ అడవీ గడ్డీ నిప్పూ, నాలుగూ నీ ఒక్క గోడలో ఉన్నాయి.

ఇదంతా నువ్వు కూడబెట్టినది. దాన్ని నువ్వు ఇచ్చేస్తున్న తీరు చూసినప్పుడే నాకు నీ మీద భక్తి కలుగుతుంది. సుమారు 5 లక్షల ఏళ్ళ కిందట నదులు నిన్ను కోయడం మొదలుపెట్టాయి. ఇప్పుడు ఏడాదికి ఒక అంగుళం చొప్పున అరిగిపోతున్నావు. పడమట, రెండు గంటల లోపు దూరంలో, మౌంట్ రష్‌మోర్ మీద నలుగురు అధ్యక్షుల ముఖాలున్నాయి. ఆ గ్రానైట్ ఒక అంగుళం అరగడానికి పది వేల ఏళ్ళు పడుతుంది. ఆ ముఖాల కోసం వెళ్తూ మనవాళ్ళు చాలామంది దారిలో నీకు ఒక గంట కేటాయిస్తారు. ఆ లెక్క తప్పని గట్టిగా నమ్ముతున్నాను. రష్‌మోర్ రేపూ ఉంటుంది, మనవళ్ళకూ ఉంటుంది. ఈ ఏడాది నేను చూసే నువ్వు వచ్చే ఏడాదికి ఉండవు.

అందుకే నీకు రెండు రాత్రులు. మధ్యాహ్నపు ఎండ నీ రంగులన్నిటినీ తెల్లబరుస్తుంది కాబట్టి, ఆ వేళ బెన్ రైఫెల్ సందర్శక కేంద్రంలో నీడన కూర్చుంటాం. సాయంత్రం పినకిల్స్ అంచున. రాత్రి సీడార్ పాస్ దగ్గర, దుప్పటి కప్పుకుని, మెడ నొప్పి పుట్టేదాకా చుక్కలు. తెల్లవారకముందే డోర్ ట్రెయిల్ దగ్గర ఉండాలి. తూర్పు ఎరుపెక్కుతుంటే నీ శిఖరాలు ఒక్కొక్కటిగా పేరు పిలిచినట్టు వెలుగులోకి వస్తాయి. రెండు గంటల నడకకు మనిషికి రెండు లీటర్ల నీళ్ళు మోయాలి. నీ కాలిబాటల వెంట తాగే నీరు దొరకదు. వాన పడితే ఎక్కడివాళ్ళం అక్కడే ఆగాలి. తడిసిన నీ మట్టి బూటును వదలదు, నడవనివ్వదు.

మూడో రోజు సేజ్ క్రీక్ కంకర రోడ్డు. 1963లో తిరిగి నీ గడ్డి మీదికి తెచ్చి వదిలిన అడవి దున్నల సంతతి అక్కడ మేస్తుంటుంది. వంద గజాల దూరాన నిలబడి చూడాలి. ప్రెయిరీ డాగ్ అనే చిన్న జీవులు బొరియల మీద నిలుచుని కేకలేస్తుంటాయి. ఆ బొరియలే ఇల్లుగా, ఆ జీవులే తిండిగా బతికే నల్లకాళ్ళ ఫెరెట్ ఇక భూమ్మీద లేదనే అనుకున్నారు. 1981లో వయోమింగ్‌లో ఒక పెంపుడు కుక్క చచ్చిన ఫెరెట్ ఒకదాన్ని నోట కరిచి తెచ్చింది. వెతికితే కొన్ని ప్రాణాలతో దొరికాయి. వాటి సంతతినే 1994లో నీలో వదిలారు. అవి రాత్రి సంచారులు, నాకు కనిపించకపోవచ్చు. నేను నిద్రపోతున్నప్పుడు నీ బొరియల్లో అవి మెలకువగా ఉంటాయన్నది చాలు.

240 నంబరు రోడ్డు పక్కనే బిగ్ ఫుట్ పాస్ ఉంది. అక్కడ పాట ఆపేయాలని పిల్లలకు ముందే చెప్పాను. 1890 డిసెంబరులో లకోటా నాయకుడు స్పాటెడ్ ఎల్క్, సైనికులు బిగ్ ఫుట్ అని పిలిచిన పెద్దాయన, తన జనంతో ఈ కనుమ గుండానే నీ గోడ దిగాడు. డిసెంబరు 29న వూండెడ్ నీ వాగు దగ్గర సైన్యం ఆయన్నీ, ఆయనతో ఉన్న స్త్రీలనూ పిల్లలనూ కాల్చి చంపింది. పోయినవాళ్ళు 150 మందికి పైనే, కొన్ని లెక్కల్లో 300 దాకా. మహాలయ పక్షంలో పెద్దల్ని తలుచుకునే ఇంట పుట్టినవాణ్ణి. ఆ రోజుల్లోనే నీ దగ్గరికి వస్తూ వాళ్ళను తలుచుకోకుండా దాటలేను. నీ దక్షిణ భాగం నేటికీ ఓగ్లాలా లకోటాల పైన్ రిడ్జ్ నేలలోదే. 1942లో యుద్ధశాఖ బాంబుల సాధన కోసం అక్కడి కుటుంబాలను లేపి, 3 లక్షల 40 వేల ఎకరాలకు పైగా తీసుకుంది. ఆ వైపు పోవాలంటే ఆ నేల మనుషుల్ని అడిగి పోవాలి, వాళ్ళు వద్దన్న చోట ఆగిపోవాలి.

ఇక నీ ఎముకలు. ప్రతి వానకూ ఏదో ఒకటి బయటపడుతుంది. 1993లో ఇద్దరు సందర్శకులు కొనాటా దగ్గర కొన్ని ఎముకలు చూసి చెప్పారు. నాలుగు రోజుల్లో ముగుస్తుందనుకున్న ఆ తవ్వకం 2008 దాకా సాగింది. 2010లో ఏడేళ్ళ పాప ఒకతి సందర్శక కేంద్రానికి దగ్గరలోనే పొడవాటి కోరల మృగం పుర్రెను గుర్తుపట్టి రేంజర్లకు చెప్పింది. నిన్ను అరగదీసే వానే నీలో దాగినదాన్ని ఇలా చూపిస్తుంది.

వెళ్ళబోయే తెలుగువాళ్ళారా, పిల్లలకు ఈ పాప కథ దారిలో చెప్పండి. అక్కడ ఎముక లాంటిది ఏది కనిపించినా ముట్టుకోవద్దు, కదపొద్దు, జేబులో వేసుకోవద్దు. ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, రేంజరుకు చెప్పండి. ఒక్క గులకరాయి కూడా మీ కారెక్కి ఇంటికి రాకూడదు.