పెళ్ళిపందిట్లో మగాలి వైన్

పోయిన కార్తీకమాసంలో మా బాబాయి కూతురి పెళ్ళి. అమ్మ పది రోజుల ముందే వెళ్ళిపోయింది. సున్నుండలకి మినుములు అమ్మే వేయించాలి, అరిసెల పాకం అమ్మే చూడాలి. అమ్మ లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పెళ్ళికూతుర్ని చేసే రోజు పొద్దున్న ముత్తయిదువులంతా హాల్లో చేరి పిల్లకి నలుగు పెడుతుంటే అమ్మ మాత్రం వంటింట్లో ఉంది. లోపలే ఉండమని ఎవరూ అనలేదు. బయటికి రమ్మనీ ఎవరూ అనలేదు. నాన్న పోయిన ఈ తొమ్మిదేళ్ళలో ఏ గుమ్మం దగ్గర ఆగాలో అమ్మకి అలవాటైపోయింది. హాల్లో ఉన్న అందరి చేతుల్లోనూ అమ్మ చేసిన సున్నుండలే.

ఆ రాత్రి హైదరాబాద్ బస్సులో కూర్చున్నాక, ఎందుకో ఎరిక్ రోమెర్ సినిమా ఒకటి గుర్తొచ్చింది. ఇంగ్లిష్‌లో ‘ఆటమ్ టేల్’ అంటారు. శరత్కాలపు కథ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి చూశాను. ద్రాక్షతోటలు, మెత్తటి ఎండ, మంచి వైన్, చివర్లో ఒక పెళ్ళి పార్టీ. హాయిగా ఉంది అనుకుని మర్చిపోయాను. ఈసారి ఇంటికొచ్చి మళ్ళీ చూస్తే, అప్పుడు నేను సినిమాని చూడలేదనీ, సీనరీ చూసి వచ్చేశాననీ అర్థమైంది.

రోమెర్ తొంభైల్లో నాలుగు ఋతువుల పేర్లతో నాలుగు సినిమాలు తీశాడు. 1990లో వసంతం, 1992లో శీతాకాలం, 1996లో వేసవి, చివరగా 1998లో ఈ శరత్తు. అప్పటికి ఆయనకి 78 ఏళ్ళు. ఆ ఏడాది వెనిస్ ఫెస్టివల్‌లో ఈ సినిమాకి ఉత్తమ స్క్రీన్‌ప్లే అవార్డు వచ్చింది. ఆయన సినిమాల్లో జనం నడుస్తూ మాట్లాడతారు, తింటూ మాట్లాడతారు, కార్లో మాట్లాడతారు. ఇంతకుమించి ఏమీ జరగదని విసుక్కునేవాళ్ళున్నారు. నేనూ ఒకప్పుడు ఆ బ్యాచ్‌లోవాణ్ణే. మెల్లగా తెలిసిందేంటంటే, ఆ మాటల్లో ఒకళ్ళు ఇంకొకళ్ళ జీవితాన్ని చాలా మర్యాదగా లాక్కుంటూ ఉంటారు. జరిగేదంతా అక్కడే జరుగుతుంది.

కథ దక్షిణ ఫ్రాన్స్‌లో, రోన్ నది లోయలో నడుస్తుంది. మగాలికి నలభై ఐదేళ్ళు. భర్త పోయాడు. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి దారిన వాళ్ళున్నారు. తను ఒంటరిగా ద్రాక్షతోట చూసుకుంటూ వైన్ తయారుచేస్తుంటుంది. ఆమె స్నేహితురాలు ఇసబెల్‌కి పుస్తకాల కొట్టుంది, భర్త ఉన్నాడు, త్వరలో కూతురి పెళ్ళి కూడా ఉంది. తోటలో ఉండేదానికి మనుషులెలా తారసపడతారని మగాలి అంటే, పేపర్లో ప్రకటన ఇద్దామంటుంది ఇసబెల్. మగాలి ససేమిరా ఒప్పుకోదు. ఇసబెల్ ఆమెకి చెప్పకుండా ప్రకటన ఇచ్చేస్తుంది. జెరాల్ అనే ఆయన స్పందిస్తే, తనే మగాలిలా నటిస్తూ వెళ్ళి కలుస్తుంది. ఇంకోవైపు మగాలి కొడుకు గర్ల్‌ఫ్రెండ్ రోసీన్ కూడా ఇదే పనిలో ఉంటుంది. తనకి ఒకప్పుడు ఫిలాసఫీ చెప్పిన, ఒకప్పుడు తను ప్రేమించిన ఎతియెన్‌ని మగాలికి అంటగట్టాలని చూస్తుంది. ఇద్దరు శ్రేయోభిలాషులు, ఇద్దరు మగాళ్ళు, ఏమీ తెలియని మగాలి. అందరూ కలిసేది ఇసబెల్ కూతురి పెళ్ళిలో.

చెప్తుంటే మన పాత తెలుగు కామెడీల కథలాగే ఉంది కదా. ఒకరి పేరుతో ఇంకొకరు వెళ్ళడం, నిజం తెలిసి అలగడం, చివరికి సర్దుకోవడం. రోమెర్ ఈ పాత సరుకుని ఎక్కడ పెట్టాడన్నదే నాకు ముఖ్యం అనిపించింది. ద్రాక్షకోతల కాలంలో పెట్టాడు. ఏడాది కష్టం చేతికొచ్చే కాలం, ఊరంతా పండగ మొహం పెట్టుకునే కాలం. మనకి కోతలయ్యాక సంక్రాంతి వచ్చినట్టే. ఒంటరి మనిషికి పనిరోజులు ఎలాగో గడిచిపోతాయి, పండగే గడవదు. మగాలిని రోమెర్ నేరుగా తీసుకొచ్చి ఆ పండగ మధ్యలో నిలబెట్టాడు.

ఆ నేల గురించి ఒక మాట. కోత్ దు రోన్ అనే పేరుకి ఫ్రాన్స్ 1937లో చట్టపరమైన గుర్తింపు ఇచ్చింది. ఆ లేబుల్ వైన్ అంటే ఎక్కువమందికి ఉన్న అభిప్రాయం, కొన్న కొద్దికాలంలోనే తాగెయ్యాలి, దాస్తే బాగుపడేది కాదు అని. మగాలి పంతం దీని మీదే. తన వైన్ ఏళ్ళ తరబడి నిలవుండాలి, నిలవున్నకొద్దీ బాగుపడాలి. అందుకే కలుపుమందు కొట్టదు. తోట చూడ్డానికొచ్చిన ఇసబెల్‌కి సాళ్ళ మధ్య కలుపు కనిపిస్తుంది. మందు కొడితే వైన్ రుచి పాడవుతుందని మగాలి వాదన. ఇద్దరూ ఆ పిచ్చిమొక్కల మధ్య తిరుగుతూ మాట్లాడుకునే సీను చూసేవాళ్ళకి వ్యవసాయం ముచ్చట్లలా ఉంటుంది. నిజానికి సినిమా మొత్తం అందులో ఉంది. ఫలానా లేబుల్ వైన్‌కి వయసు పనికిరాదని లోకం తీర్మానించింది. నలభై ఐదేళ్ళ విధవరాలు అన్నది కూడా ఒక లేబులే. మగాలి సీసా విషయంలో ఆ తీర్పుని ఒప్పుకోదు, తన విషయంలో ఎప్పుడో ఒప్పేసుకుంది. ఈ తేడాని రోమెర్ ఎక్కడా నోటితో చెప్పించడు. మనమే పట్టుకోవాలి.

ఇంకో సంగతి కూడా నచ్చింది. ఇదంతా పోస్ట్‌కార్డు లోయ కాదు. సేంపోల్-త్రువా-షాతో అనే ఆ ఊరి పక్కనే ట్రికాస్టిన్ అణువిద్యుత్ కేంద్రం ఉంది. రోమెర్ కెమెరా దాన్ని తప్పించుకుని తిరగదు. ఒకసారి మా టీమ్ అవుటింగ్‌కి నాసిక్ వెళ్ళాం. అక్కడ కోతలు జనవరి నుంచి మార్చి దాకా ఉంటాయి. టోపీలు పెట్టుకుని తొట్టెలో ద్రాక్షపళ్ళు తొక్కాం, రీల్స్ చేసుకున్నాం, మూడు గ్లాసులు రుచి చూసి మూడిటికీ ఒకే విశేషణం వాడాం. పళ్ళు కోసిన మనిషి ఒక్కరు కూడా మా ఫొటోల్లో లేరు. ద్రాక్షతోటల మీద వచ్చే చాలా సినిమాలు మా రీల్స్ లాంటివే, కాకపోతే బడ్జెట్ ఎక్కువ. ‘ఆటమ్ టేల్’ ఆ పని చెయ్యలేదు. తోట అందులో ఒక ఆడమనిషి పనిచోటు, ఆమె అప్పు, ఆమె అహం.

ఇక ప్రకటన సంగతి. ఇసబెల్ చేసింది మంచా చెడా? మొదటిసారి చూసినప్పుడు నాకు ఈ ప్రశ్నే రాలేదు, కామెడీ కదా అనుకున్నా. ఈసారి ఆమె జెరాల్‌తో భోజనాలు చేసే సీన్లు చూస్తుంటే ఇబ్బందిగా అనిపించింది. జెరాల్ మంచివాడు, నెమ్మదస్తుడు. ఇసబెల్ అతన్ని ప్రశ్నలడుగుతూ, నవ్వుతూ, కొంచెం మెరుస్తూ ఉంటుంది. స్నేహితురాలి కోసం పరీక్ష పెడుతున్నానని తనకి తను చెప్పుకుంటుంది. కానీ తన వంతుగా ఆ మెరుపుని అనుభవిస్తోంది కూడా. కొన్ని భోజనాలయ్యాక నిజం చెప్పేస్తే జెరాల్ మొహంలో కనబడేది కోపం కంటే నిరాశే. అతను వచ్చింది ఈ మనిషి కోసం. ఇప్పుడు ఇంకొకళ్ళని చూడమంటోంది. ఎదుటివాళ్ళకి మేలు చేసే పేరుతో మనం ఎంత సుఖం తీసుకుంటామో ఇంత సౌమ్యంగా చెప్పిన సీన్లు నేనెక్కడా చూడలేదు.

ఇక్కడ నటుల ఎంపిక కూడా తమాషాగా ఉంటుంది. మగాలి వేసిన బియాట్రిస్ రోమాన్, 1982లో ఇదే రోమెర్ సినిమా ‘ల బో మరియాజ్’లో, వరుడు దొరక్క ముందే పెళ్ళి చేసుకోవాలని తీర్మానించుకున్న అమ్మాయి. ఇసబెల్ వేసిన మరీ రివియేర్, 1986లో ‘గ్రీన్ రే’లో, వేసవి సెలవులకి తోడు దొరక్క ఊరూరా తిరిగి ఏడ్చే అమ్మాయి. పెళ్ళికోసం తహతహలాడిన మొహం ఇప్పుడు వద్దంటోంది. సెలవుల్లో ఒంటరితనం చూసిన మొహం ఇప్పుడు ఇంకొకరి ఒంటరితనాన్ని భరించలేకపోతోంది. ఆ సినిమాలు చూడకపోయినా నష్టం లేదు. చూసినవాళ్ళకి మాత్రం ఈ ఇద్దరి వెనకాల పదిహేనేళ్ళ నీడ కనిపిస్తుంది.

పెళ్ళి పార్టీ సీను దగ్గరికొద్దాం. ఆరుబయట బల్లలు, జనం, పాటలు. రోమెర్ ఇక్కడ పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ పెద్దగా పట్టించుకోడు. జనంలో మగాలి ఎక్కడ నిలబడుతోంది, ఎవరు తనతో మాట్లాడుతున్నారు, మాట్లాడేవాళ్ళు వెళ్ళిపోయాక చేతులు ఎక్కడ పెట్టుకుంటోంది, ఇవే చూస్తాడు. రోసీన్ తీసుకొచ్చి ఎతియెన్‌ని పరిచయం చేస్తుంది. రెండు ముక్కలు మాట్లాడేసరికి ఇద్దరికీ అర్థమైపోతుంది, కుదరదని. ఆయన చూపు అప్పటికే తన పాత విద్యార్థిని ఒకామె మీదకి వెళ్ళిపోయింది. జెరాల్ మాత్రం ఎవరూ చెయ్యి పట్టుకుని తీసుకురాకుండా వస్తాడు. బల్ల మీదున్న వైన్ రుచి చూసి మెచ్చుకుంటాడు. అది మగాలి వైన్. వయసు, వైధవ్యం, తోట విస్తీర్ణం, ఇవేవీ లేకుండా ఒక మనిషి పనిని ఇంకో మనిషి రుచి చూశాడు. వాళ్ళ పరిచయం అక్కడ మొదలవుతుంది.

నేను సినిమాని ఆపి కాసేపు కూర్చున్నది ఇక్కడే. మా ఇంట్లో పెళ్ళిలో అందరూ సున్నుండలు తిన్నారు. బాగున్నాయన్నారు కూడా. ఎవరు చేశారని అడిగి లోపలికి వెళ్ళినవాళ్ళు లేరు. వాళ్ళలో నేనూ ఉన్నాను. ఫొటోగ్రాఫర్‌కి లైటింగ్ గురించి సలహాలిస్తున్నాను.

సినిమా అక్కడితో సుఖాంతమైపోలేదు. ఇసబెల్, జెరాల్ చనువుగా ఉండటం మగాలి కంటపడుతుంది. జెరాల్ కార్లో దిగబెడుతుంటే ఆరా తీస్తుంది, అతను తడబడతాడు. కోపమొచ్చి మధ్యలోనే స్టేషన్ దగ్గర దించమంటుంది. తర్వాత మళ్ళీ పెళ్ళింటికే తిరిగొస్తుంది. కోపంతో వెళ్ళిన మనిషి తన కాళ్ళతో తాను వెనక్కి రావడం నాకు ఈ సినిమాలో అన్నిటికంటే పెద్ద సంఘటన. అంతవరకూ ఆమె కథని వేరేవాళ్ళు రాస్తున్నారు. జెరాల్ కూడా తిరిగొస్తాడు. ఇద్దరూ కోతల పండక్కి కలుద్దామనుకుంటారు. అంతే. ముద్దు లేదు, మాట ఇచ్చుకోవడం లేదు, ఒక పండగకి పిలుపు మాత్రమే ఉంది. చివరి షాట్‌లో ఇసబెల్ భర్తతో డాన్స్ చేస్తుంటుంది. అతని భుజం మీదుగా ఆమె చూపు ఎటో వెళ్ళిపోతుంది. అన్నీ ఉన్న ఇసబెల్ మొహంలో ఆ వెలితి పెట్టి, ఎవరి మీద జాలిపడాలో మనకే వదిలేస్తాడు ముసలాయన.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. రోసీన్, ఎతియెన్ల కథ కాగితం మీద వేసిన లెక్కలా ఉంటుంది. ఇసబెల్ కథకి జోడీ కావాలి కాబట్టి పెట్టినట్టుంటుంది. రోసీన్ మాట్లాడినప్పుడల్లా ఆ వయసు అమ్మాయికంటే రోమెరే ఎక్కువ వినిపిస్తాడు. కోతలకాలం సినిమాలో వంచిన నడుముల కంటే మాటలే ఎక్కువ. మగాలి కష్టం గురించి విన్నంతగా ఆమె దగ్గర కూలికొచ్చేవాళ్ళ గురించి వినం. సొంత తోట ఉన్న మనిషి ఒంటరితనానికీ, కూలికొచ్చే మనిషి ఒంటరితనానికీ తేడా ఉంటుందన్న సంగతి ఈ సినిమా తలుచుకోదు. రోమెర్ లోకం హద్దు అది. ఆ హద్దులోపల మాత్రం ఆయన అబద్ధమాడడు.

ఇప్పుడు దాచిన సంగతి ఒకటి చెప్పాలి. పెళ్ళి నుంచి వచ్చిన వారానికి నేనొక మాట్రిమొనీ సైట్‌లో అమ్మ పేరుతో ప్రొఫైల్ మొదలుపెట్టాను. ప్రొఫైల్ ఎవరికోసం అన్న డ్రాప్‌డౌన్‌లో కొడుకు, కూతురు, అన్న, చెల్లి అన్నీ ఉన్నాయి. అమ్మ లేదు. ‘బంధువు’ అని కొట్టి ముందుకెళ్ళాను. అభిరుచులు అన్న చోట ఆగిపోయాను. వంట అని రాశాను. ఇంకేం రాయాలో తెలియలేదు. డ్రాఫ్ట్‌గా సేవ్ చేసి వదిలేశాను. ఇసబెల్‌ని తప్పుపడుతూ ఇంత రాసినవాణ్ణి, నేను చేసిందీ అదే.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మతో కలిసి సినిమా చూశాను. సబ్‌టైటిల్స్ చదివి చెప్తూ. తోట సీనులో అమ్మ అంది, “అదేంట్రా, అంత కలుపు పెట్టుకుంది, కూలీలు దొరకలేదా?” కలుపుమందు సంగతి చెప్తే కాసేపు ఆలోచించి తలూపింది. అయిపోయాక, “ఆ పుస్తకాలావిడ ముందు ఒక్కమాట అడగొచ్చుగా” అంది. అప్పుడు డ్రాఫ్ట్ సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచి గ్లాసులు తీస్తూ అడిగింది.

“ఫొటో ఏది పెట్టావు?”

ఆధార్‌దని చెప్పాను. మొహం చిట్లించింది.