ఆవేశాల లెక్క తేల్చే సుద్దముక్క

హైస్కూల్లో రసాయనశాస్త్రం చెప్పే మంచి మాస్టార్ల పనితనానికి చేతులెత్తి మొక్కాలి. బోర్డు మీద అల్యూమినియం పక్కన 3 ప్లస్, ఆక్సైడ్ పక్కన 2 మైనస్ వేస్తారు. ఆ అంకెలను ఏటవాలుగా కిందికి మార్చగానే ‘ఏఎల్ టూ ఓ త్రీ’ సిద్ధం. అక్కడితో వదిలిపెట్టరు. ఆరు ధనావేశాలు, ఆరు రుణావేశాలు కలిసి సున్నా అయ్యాయని పిల్లల చేతే లెక్క కట్టిస్తారు.

సున్నపుతేటలో ఒక కాల్షియం అయాన్‌కు రెండు హైడ్రాక్సైడ్ అయాన్లు ఉంటాయి. అందుకే ఓహెచ్‌ని బ్రాకెట్లో పెట్టించి, 2 బయట వేయిస్తారు. బ్రాకెట్ మరిస్తే హైడ్రోజన్ ఒక్కటే రెట్టింపవుతుందని చూపిస్తారు. ఇనుము దగ్గరకొచ్చేసరికి ఫెర్రస్‌కు 2, ఫెర్రిక్‌కు 3 అని విడమరిచి చెబుతారు.

ఆ ఓపిక వల్లే పిల్లలు కొత్త పేరు విన్నా బెదరకుండా ఫార్ములా సొంతంగా రాసేస్తారు. నేర్పితే అలా నేర్పాలి!