ఆరు గుర్తుల పనితనం

తాళిబొట్టు గొలుసు కొక్కెం పక్కన వడ్లగింజంత చోటులో లేజర్‌తో చెక్కిన మూడు గుర్తులుంటాయి. మొదటిది బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) త్రికోణ ముద్ర. రెండోది స్వచ్ఛత, అంటే 22కె916. మూడోది హెచ్‌యూఐడీ: ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిపి ఆరు గుర్తులు. మార్కాపురంలోనో గిద్దలూరులోనో బంగారం కొట్లో కూర్చుని, తరుగు, మజూరీ బేరం ఇంకా తెగకముందే, ఆ ఆరింటినీ ఫోన్‌లోని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడవచ్చు. నాకు ఆ నగకన్నా ఆ గుర్తుల పనితనమే ఎక్కువ ముచ్చటగా అనిపిస్తుంది.

మార్కాపురం ప్రాంతంలో బంగారం ఒంటిమీద సొమ్ము మాత్రమే కాదు. మిర్చి, కంది చేతికందిన ఏడు కొంటారు. వాన మొహం చాటేసి బోరు ఎండిన ఏడు అదే కుదువపెట్టి మళ్లీ సాగుకు దిగుతారు. పెళ్లికి కొన్న నగలో జరిగిన మోసం అలా కుదువకు వెళ్లిన రోజునే బయటపడుతుంది. అప్పటికి బిల్లూ ఉండదు, అడగడానికి ఆ కొట్టూ ఉండకపోవచ్చు.

మార్కాపురం నల్లరాతికి పేరుమోసిన ఊరు. బళ్లకు పలకలు ఈ గనుల నుంచే వెళ్లాయి. బంగారానికి తీర్పు చెప్పిందీ ఒకప్పుడు నల్లరాయే. గీటురాయి మీద నగను ఒక గీత, మచ్చు పుల్లను పక్కనే ఇంకో గీత గీసి, రంగు పోల్చి, ఆమ్లం చుక్క వేసి చెప్పేవారు. గొప్ప విద్యే అది. కాకపోతే ఆ విద్య అంతా అమ్మేవాడి కంట్లోనే ఉండేది, కొనేవాళ్లకు నమ్మకం తప్ప వేరే దారి లేదు. తర్వాత కేడీఎం అన్న మాట వచ్చింది. కాడ్మియంతో అతుకు వేసిన బంగారమని దాని అర్థం. ఆ పొగ పనివాళ్ల ఊపిరికి చేటని తెలిసినా, నాణ్యానికి మారుపేరుగా ఆ మాట చాలాకాలం చలామణీ అయింది.

ఆ ఆరు గుర్తుల వెనక పరీక్షా కేంద్రంలో జరిగే పని చూడదగ్గది. నగల నుంచి గీకి తీసిన రవ్వంత బంగారాన్ని మిల్లీగ్రాముల లెక్కన తూచి, కొంత వెండి కలిపి, సీసపు రేకులో చుడతారు. సన్నటి రంధ్రాలున్న చిన్న మూసలో పెట్టి కొలిమికి పంపుతారు. వేడికి సీసం కరిగి, రాగి వంటి కల్తీని తనతో లాక్కుని మూసలోకి ఇంకిపోతుంది. పైన బంగారం, వెండి కలిసిన చిన్న పూస మిగులుతుంది. దాన్ని రేకులా సాగదీసి నత్రికామ్లంలో కాచితే వెండి కరిగిపోతుంది. మిగిలిన బంగారాన్ని మళ్లీ తూస్తారు. మొదటి తూకంలో వెయ్యికి ఎన్ని వంతులు చివరికి మిగిలాయన్న లెక్కే 916. నిప్పుకు, ఆమ్లానికి నిలిచిన తూకం కనుక ఇక్కడ ఎవరి కంటిచూపుతోనూ పని లేదు.

2021 జూన్‌లో దేశంలో ఇలా పరీక్షించి ముద్ర వేసే హాల్‌మార్కింగ్ దశలవారీగా తప్పనిసరి కావడం మొదలైంది. జులైలో హెచ్‌యూఐడీ వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగను ఈ కోడ్ లేకుండా కొట్లో అమ్మకూడదు. అంతకు ముందు నగమీద కొట్టు గుర్తు ఉండేది, ఆ కొట్టు నగలన్నిటికీ అదే. ఇప్పుడు ఏ నగ కోడ్ దానిదే. ఒక్కో స్థానంలో 26 అక్షరాలు, 10 అంకెల్లో ఏదైనా రావచ్చనుకుంటే, ఆరు స్థానాల్లో 217 కోట్లకు పైగా కోడ్‌లు పుడతాయి. చెవిదిద్దు మీద కూడా పట్టేంత పొట్టిది, అయినా దేశానికంతా సరిపోయేంత విస్తారం!

కోడ్ కొట్టగానే తెరమీద నగల వ్యాపారి రిజిస్ట్రేషను, పరీక్షించిన కేంద్రం, స్వచ్ఛత, ముద్ర వేసిన తేదీ వస్తాయి. వీటితోపాటు నగ రకం కూడా వస్తుంది, నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అదే. ఉంగరం కోడ్‌ను ఎవరైనా గొలుసు మీద చెక్కితే తెర ఉంగరమనే చెబుతుంది. రసాయనం తెలియని ఇల్లాలు కూడా దొంగను పట్టుకోగలదు. గొలుసు కోడ్‌ను ఇంకో గొలుసు మీద దించితే మాత్రం నగ రకం ఒక్కటే చూస్తే అది పట్టుబడదు. అందుకే తూకం, స్వచ్ఛత వివరంగా రాసిన బిల్లు తీసుకోవాలి. నగ మీద ముద్రించిన స్వచ్ఛత కంటే తక్కువని తేలితే, ఆ తేడా విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు కొన్నవారికి అమ్మినవారు ఇవ్వాలని 2018 బీఐఎస్ నిబంధనలు చెబుతున్నాయి.

ఏడాదికి 40 లక్షల రూపాయల లోపు వ్యాపారం ఉన్న కొట్లకు, 2 గ్రాముల లోపు నగలకు తప్పనిసరి హాల్‌మార్కింగ్ నుంచి మినహాయింపు ఉంది. చిన్న స్వర్ణకారుడి బతుకు నిలవాలి కనుక దాన్ని తప్పుపట్టలేను. కానీ పల్లెల్లో పేదలు కొనేది ఆ చిన్న కొట్లలోనే, ఆ చిన్న నగలనే. ఫోన్ సాయం ఎక్కువ అవసరమైన చోటికే కోడ్ రాలేదన్న బాధ నాకుంది.

ఇంట్లో ఉన్న పాత నగలకు కోడ్ లేకపోయినా అవి ఉంచుకోవచ్చు, మార్చుకోవచ్చు. స్వచ్ఛత తెలియాలంటే నాలుగు నగల వరకు 200 రూపాయల రుసుముతో హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్ష చేయించుకోవచ్చని 2022లో బీఐఎస్ ప్రకటించింది. కుదువపెట్టబోయే ముందు చేయించుకుంటే మంచిది.